రికాబులు లేని జీను

కోచ్కోర్ లోయలో ఎసెంకుల్ తొడ మీద కూర్చోకుండా పెరిగిన పిల్లలు తక్కువ. పిల్లల జీను చేయించుకోవాలని ఎవరొచ్చినా ఆయన కొలతబద్ద తీసేవాడు కాదు. బిడ్డను గుర్రం ఎక్కించినట్టు తన తొడ మీద కూర్చోబెట్టుకుని, నడుము వెనక అరచెయ్యి ఆనించి, తండ్రితో గడ్డి గురించో వాన గురించో మాట్లాడుతూ మోకాలు మెల్లగా ఊపేవాడు. బిడ్డ ఎటు ఒరుగుతోందో, వెన్ను ఎప్పుడు గట్టిపడుతోందో, ఆసరా కోసం ముందుగా ఏ చెయ్యి చాస్తోందో ఆ అరచేతికి తెలిసిపోయేది. ఇంటివాళ్లు పోసిన టీ చల్లారేలోగా కొలత అయిపోయేది. "ఇక తీసుకుపొండి. కొండలు పచ్చబడ్డాక రండి," అని పంపేసేవాడు.

ఆ జీనును కిర్గిజులు అయిర్మాచ్ అంటారు. ముందూ వెనకా కత్తెర వేసిన కర్రలు నిటారుగా ఉంటాయి. పక్కన అడ్డకట్టెలు, లోపల మందపాటి ఉన్ని మెత్త, నడుముకు తోలు పట్టీ, కింద పాదాలు పెట్టుకోవడానికి చిన్న రికాబులు. నాలుగేళ్ల పిల్లవాణ్ణి అందులో దించి పట్టీ బిగిస్తే గుర్రం కొండెక్కినా, ఏరు దాటినా, వాడు నిద్రపోయినా జారడు. మందలు వేసవి మేతకు కదిలే రోజుల్లో అమ్మలకు చేతులు ఖాళీ ఉండవు. అందుకే అక్కడ బిడ్డకు నడక రావడం కన్నా కూర్చోవడం రావడమే పెద్ద సంగతి.

ఎసెంకుల్‌కు ఒక గొప్ప ఉండేది. పెళ్లిలో ఐనా, పరామర్శలో ఐనా, రెండో గిన్నె టీ అయ్యేసరికి అది బయటికి వచ్చేది. "నా జీనులోంచి పడ్డ పిల్ల ఈ లోయలో లేదు." దానికి తోడు ఒక కథ. ఎప్పుడో ఉరుముకు బెదిరిన గుర్రం ఒక పిల్లవాడితో సహా పారిపోయిందట. సాయంత్రానికి ఏటి అవతల మేస్తూ దొరికిందట, వాడు జీనులో నిద్రపోతున్నాడట. నేను ఆ కథ విన్నప్పుడల్లా ఏరు కొంచెం లోతయ్యేది. చివరిసారి విన్నప్పుడు గుర్రం ఈదింది. ఐనా కథ అబద్ధం కాదు. ఆ పిల్లవాడు ఇప్పుడు లావుపాటి లారీ డ్రైవరు. ఎసెంకుల్ కనిపిస్తే చాలు, లారీ ఆపి దిగి దండం పెట్టి మరీ వెళ్తాడు.

పని నేర్పింది మేనమామ. చెయ్యి దురుసు మనిషి. ఆయన చేతి దెబ్బలూ, ఆయన చెప్పిన మాటలూ ఎసెంకుల్‌కు సమానంగా గుర్తున్నాయి. సోవియట్ల ఉమ్మడి పొలాల కాలంలో వడ్రంగి కొట్టంలో వేస్తే బడి బెంచీలూ ముక్కాలిపీటలూ చేశాడుగాని, మనసు పెట్టి చేయలేదు. "కదలని దాని మీద కూర్చోవడానికి పనితనం ఎందుకయ్యా? రాయి మీద కూడా కూర్చోవచ్చు," అనేవాడు. ఆ కొట్టంలో మిగిలిన బిర్చి కర్ర ముక్కలు దొంగచాటుగా ఇంటికి చేరి జీనులయ్యేవి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఐతే ఆయన పట్టిన కుందేళ్లకు చాలావాటికి నిజంగానే మూడు కాళ్లుండేవి కాబట్టి ఎవరూ వాదించేవారు కాదు.

కాలం మారింది. పిల్లలు జీపుల్లో కొండలెక్కుతున్నారు. జీనులు కొనేవాళ్లు ఉన్నారుగాని, ఎక్కువమంది గోడకు తగిలించుకోవడానికే. ఎసెంకుల్ వాళ్లను తిట్టుకుంటూనే చేసి ఇచ్చేవాడు. గోడ మీది జీనుకు కూడా మెత్త సరిగా కుట్టేవాడు, రికాబులు వేలాడదీసేవాడు, పట్టీకి మూడుసార్లు నూనె రాసేవాడు.

అక్కడి ఆచారం ప్రకారం కడగొట్టు కొడుకుదే తల్లిదండ్రుల ఇల్లు. ఆ కొడుకు ఉలన్ లోయలో వ్యాను నడుపుతాడు. కోడలు బురుల్. వాళ్లకు లేకలేక పుట్టిన పిల్ల అయ్‌పెరి. కాన్పు కష్టమైంది, పిల్ల చాలాసేపటికిగాని ఏడవలేదు. మెడ ఆలస్యంగా నిలిచింది. కూర్చోవడం రాలేదు. ఏడాది నిండాక ఒకరోజు ఎసెంకుల్ మనవరాలిని తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు. వెన్ను మీద అరచెయ్యి పెట్టి మోకాలు ఊపాడు. ఆ చేతికి జవాబు రాలేదు. ఎన్ని వందల మంది పిల్లల వెన్నులు పలికాయో ఆ చేతికింద, ఇది పలకలేదు. ఆయన పిల్లను పరుపు మీద పడుకోబెట్టి, ఏదో పనున్నట్టు పెరట్లోని తన కొట్టంలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మళ్లీ తొడ మీదకు తీసుకోలేదు. ముద్దుచేసేవాడు, పంచదార ముక్క నాకించేవాడు, దారిన పోతూ జుట్టు నిమిరేవాడు. తొడ మీదకు మాత్రం తీసుకోలేదు. ఇంట్లో అందరూ చూశారు, ఎవరూ అడగలేదు.

పిల్లకు మూడో ఏడు వచ్చింది. నాయనమ్మ కుముష్కాన్ పిల్లను ఒళ్లో వెల్లకిలా వేసుకుని, గడ్డం ఎత్తి పట్టుకుని చెంచాతో పోసేది. తన పిల్లలందరినీ అలాగే పెంచింది. అయ్‌పెరి ప్రతి ముద్దకూ దగ్గేది. దగ్గి, ఎర్రబడి, మళ్లీ నోరు తెరిచేది. గంట పట్టేది గిన్నెడు జావ. ఆ చలికాలంలో రెండుసార్లు ఊపిరితిత్తులకు నెమ్ము చేసి ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. రెండోసారి ఇంటికి తెచ్చాక ఊరి నర్సు సయ్రా చూడటానికి వచ్చింది. సయ్రా కూడా ఎసెంకుల్ జీనులో పెరిగిందే. బాబాయ్, పిన్నీ అని పిలుస్తుంది.

తినిపించడం కాసేపు చూసి సయ్రా, కుముష్కాన్ చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, ఆపు. నువ్వు పోసేదంతా కడుపులోకి పోవట్లేదు. కొంత ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది. నెమ్ము అందుకే చేస్తోంది."

"మరెట్లా పెట్టమంటావే? కూర్చోబెడితే పిండిబస్తా ఒరిగినట్టు ఒరిగిపోతోంది."

"ఒరిగిపోకుండా కూర్చోబెట్టాలి. ఈ పిల్ల కూర్చునే తినాలి. ఇంకోసారి నెమ్ము చేస్తే..." సయ్రా బురుల్ వైపు చూసి, మాట మింగకుండా చెప్పేసింది. "ఇంకోసారి చేస్తే నేను మాటివ్వలేను. పెద్ద డాక్టరు కూడా అదే అన్నాడు. పట్నంలో ఇలాంటి పిల్లలకి కుర్చీలుంటాయి. పేరు రాయించాను. ఎప్పటికొస్తుందో మాత్రం తెలీదు."

కూర్చుని తినడం అంటే మనకు తిట్టు. కొండలు కూడా కరిగిపోతాయని భయపెడతాం. ఆ ఇంట్లో ఆ రోజు నుంచి అదే మొక్కు అయింది.

పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటున్న ఎసెంకుల్‌కు రోషం వచ్చింది. "పట్నం నుంచి కుర్చీ దేనికి? ఈ ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టేవాడు చచ్చిపోయాడా?"

"బతికే ఉన్నాడా?" అంది కుముష్కాన్. "ఇన్నాళ్లూ కనపడకపోతే పోయాడేమో అనుకున్నాను ముసలాయనా."

మర్నాడే కొట్టం తలుపు మూసుకున్నాడు.

అంత మంచి జీను ఆయన అంతకుముందు చేయలేదు. బాగా ఎండిన బిర్చి తీశాడు. వెనక కత్తెర కర్రలు పిల్ల తలకన్నా ఎత్తుగా పెట్టాడు. పక్కలు ఎత్తి, లోపల తెల్ల గొర్రె ఉన్ని దట్టంగా పరిచాడు. పట్టీ కుట్టించలేదు, తనే కుట్టాడు. గుర్రం బదులు కింద నాలుగు కాళ్ల దిమ్మె చేసి, దాని మీద జీను బిగించాడు. దిమ్మె ఎత్తు ఎంత ఉండాలని ఎవరినీ అడగలేదు. జీను అన్నాక నేలకు ఎత్తుగా ఉండాలి కాబట్టి ఎత్తుగా చేశాడు. ఇంట్లో అందరూ నేల మీద పరుపుల మీద కూర్చుంటే, పిల్ల వాళ్లందరి తలల మీదుగా చూస్తుంది. ఆ ఊహ ఆయనకు చాలా నచ్చింది.

ఇల్లు అలకగానే పండగ కాదని ఎవరైనా చెప్పాల్సింది. చెప్పినా వినేవాడు కాదనుకోండి. బిడ్డను మొదటిసారి జీనెక్కించేటప్పుడు చుట్టాలను పిలిచి, మిఠాయిలూ వేపుడు రొట్టెలూ తల మీద నుంచి చల్లడం వాళ్లకు వేడుక. ఎసెంకుల్ గొర్రెను కోయించి లోయలో సగం మందిని పిలిచాడు. సయ్రా పక్క ఊళ్లో కాన్పుకు వెళ్లింది. "ఆ అమ్మాయి వచ్చాక చేద్దామా మావయ్యా?" అని బురుల్ నెమ్మదిగా అంటే, "జీనెక్కించడానికి నర్సెందుకు?" అన్నాడు.

మధ్యాహ్నం అయ్‌పెరిని తెచ్చారు. ఎర్ర మఖమల్ చొక్కా తొడిగి, దిష్టి తగలకుండా టోపీకి గుడ్లగూబ ఈక కుట్టారు. ఎసెంకుల్ తన చేతులతో జీనులో దించి, పట్టీ బిగించి, తన ముడి వేశాడు. గుర్రం రెండు కాళ్ల మీద లేచినా ఊడని ముడి అది. చేతులు తీసేశాడు.

పిల్ల కూర్చుంది. నిటారుగా కూర్చుంది. పుట్టినప్పటి నుంచి పైకప్పునూ తన మీదికి వంగిన ముఖాలనూ చూస్తూ బతికిన పిల్ల, మొదటిసారి ఇల్లంతా ఎదురుగా చూసింది. కిటికీ చూసింది, ఆవిరి కక్కుతున్న టీ సమోవారు చూసింది, మనుషులందరినీ ఒకేసారి చూసి నవ్వింది. కుముష్కాన్ తలగుడ్డ కొసతో ముఖం కప్పుకుంది. మిఠాయిలు రాలాయి, ఆడవాళ్లు నవ్వుతూ ఏరుకున్నారు. "పడితే అడగండి," అన్నాడు ఎసెంకుల్ అందరి వైపూ తిరిగి. "నా జీనులోంచి పడ్డ పిల్ల..."

"ఈ లోయలో లేదు," అని చుట్టాలే పూర్తిచేశారు.

బురుల్ మాంసం రసంలో రొట్టె నానబెట్టి చెంచా పెట్టింది. పిల్ల మింగింది. ఇంకో చెంచా, అదీ మింగింది, దగ్గలేదు. అందరూ మాటల్లో పడ్డారు. బురుల్ ఒక్కతే చూస్తోంది. పిల్ల కూర్చునే ఉందిగాని, ఆ కూర్చోవడం కొంచెం కొంచెంగా కిందికి పోతోంది. తుంటి ముందుకు జారుతోంది. నడుముకున్న పట్టీ పక్కటెముకల మీదికి వచ్చింది. ముందు కర్రలు ఛాతీ దాటి గడ్డానికి దగ్గరయ్యాయి. కింద గాలిలో వేలాడుతున్న కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చాచుకుంటూ, కాలివేళ్లతో దేన్నో వెతుకుతున్నాయి. అప్పటికే చెంచా పిల్ల నోట్లో ఉంది. తల వెనక్కి వాలింది.

దగ్గు రాలేదు. అదే భయం. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. పెదవుల రంగు మారుతోంది. బురుల్ ముడి లాగింది, రాలేదు. ఎసెంకుల్ వచ్చి లాగాడు, ఆయన ముడే ఆయనకు లొంగలేదు. ఉలన్ మాంసం కోసే కత్తితో పట్టీ తెంపాడు. బురుల్ పిల్లను లాగి, తొడ మీద బోర్లా వేసుకుని, తల కిందికి ఉంచి, భుజాల మధ్య అరచేత్తో గట్టిగా కొట్టింది. మళ్లీ కొట్టింది. నానిన రొట్టె ముక్క తివాచీ మీద పడింది. తర్వాత ఏడుపు వచ్చింది. ఆ ఇంట్లో ఏ ఏడుపునూ ఎవరూ అంత ఆశగా వినలేదు.

చుట్టాలు చప్పుడు చేయకుండా చెప్పులు వెతుక్కున్నారు. గుమ్మం దగ్గర ఎసెంకుల్ అక్క ఆగింది. "పసిదాన్ని కట్టి బాధపెట్టకురా తమ్ముడూ. దేవుడి అతిథి అది, ఉన్నన్నాళ్లు ఉండనియ్యి," అంది. మంచి మనసుతోనే అంది. కొన్ని మాటలు మంచి మనసుతో అంటేనే ఎక్కువ నొప్పి పెడతాయి.

ఎసెంకుల్ ఒక మూల నిలబడి తెగిన పట్టీని చేతుల్లో తిప్పుతున్నాడు. "జీనులో లోపం లేదు," అన్నాడు చివరికి, ఎవరూ అడగకుండానే. "జీను సరిగానే ఉంది. పిల్లలోనే..."

మాట సగంలో ఆపాడుగాని బురుల్ విన్నది.

మర్నాడు పొద్దున ఆయన కొట్టంలో పనిముట్లు సర్దుకుంటున్నాడు. సర్దడానికి ఏమీ లేదు, ఊరికే అటువి ఇటు పెడుతున్నాడు. బురుల్ జీనును రెండు చేతుల్లో మోసుకొచ్చి ఆయన ముందు దించింది. పొయ్యిలోకి పెట్టమంటుందేమో అనుకున్నాడు. అక్కడి కోడళ్లు మామగారి ముందు గొంతెత్తరు, పేరు పలకరు, వీపు చూపించరు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి బురుల్ ఆయన్ని టీ పోయమంటారా అని తప్ప ఎక్కువ అడిగింది లేదు. ఇప్పుడు తలుపు దగ్గరే నిలబడి, నేల చూస్తూ అడిగింది.

"మావయ్యా, దీనికి రికాబులు ఎందుకు పెట్టలేదు?"

"రికాబులు దానికెందుకు?" అన్నాడు విసుగ్గా. "అదేమన్నా గుర్రమెక్కబోతోందా?"

"నాకు గుర్రాల సంగతి తెలీదు. నిన్న జారుతున్నప్పుడు దాని కాలివేళ్లు కింద దేనికోసమో వెతికాయి. నేను చూశాను." జీను కింద ఖాళీ వైపు చెయ్యి చూపింది. "చిన్నప్పుడు మా పుట్టింట్లో నేనూ మీ జీనులోనే కూర్చున్నాను. దానికి తోలు రికాబులుండేవి. కాళ్లు ఆనేవి. కాళ్లు ఎక్కడా ఆనకపోతే మనిషి ఎట్లా కూర్చుంటాడు మావయ్యా?"

ఎసెంకుల్ వంగి జీను పక్కలు తడిమాడు. మేనమామ దగ్గర మొదటి రోజు దెబ్బతో నేర్చుకున్న పాఠం అది. మనిషి పిర్రల మీద కూర్చోడురా, పాదాల మీద కూర్చుంటాడు. రికాబు పోతే ఎంత మొనగాడైనా జారతాడు. అది ఆయనకు తెలుసు. గోడకు తగిలించుకునే జీనులకు కూడా రికాబులు పెట్టాడు. ఎక్కని జీనుకు, ఎక్కే బిడ్డే లేని జీనుకు పెట్టాడు. సొంత మనవరాలి జీనుకు పెట్టలేదు. మరిచిపోయాడా అంటే మరిచిపోలేదు. పెట్టాలన్న ఆలోచనే రాలేదు. ఈ పిల్ల ఎక్కడికీ పోదని, ఏదీ చేయదని, ఎప్పుడో ఆ పరుపు మీద పడుకోబెట్టి వచ్చిన రోజే ఆయన లోపల తేల్చేసుకున్నాడు. తర్వాత ఎంత మంచి ఉన్ని పరిచినా, ఎంత బాగా పట్టీ కుట్టినా, ఆ తేల్చుకున్న మనసుతోనే చేశాడు. లోపం పిల్లలో లేదు. ఆ సిగ్గుకు ఆయన చెవులు కాలిపోయాయి.

"పిల్లని తీసుకురామ్మా," అన్నాడు.

బురుల్ తెచ్చింది. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని, మనవరాలిని తొడ మీద పెట్టుకున్నాడు. పిల్ల ముందుకు కుంగింది. ఆయన కాలితోనే రెండు చెక్కముక్కలు దగ్గరికి లాగి, ఆ చిన్న పాదాల కింద ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పాదాలు ఆనాయి. తుంటి వెనక అరచెయ్యి పెట్టి ఆగాడు. మోకాలు ఊపలేదు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పాదాలు చెక్కను ఒత్తాయి, ఆ ఒత్తిడి వెన్ను దాకా వచ్చింది. వెన్ను ఒక్క క్షణం నిలబడింది. మళ్లీ కుంగింది. మళ్లీ నిలబడింది. ఉంది. సన్నగా, ఆలస్యంగా ఐనా ఉంది. అది ఏడాది పిల్లగా ఉన్నప్పుడు జవాబు వచ్చేదాకా ఆయనే ఆగలేదు. ఎసెంకుల్ ఏడ్చాడు. కోడలి ముందు మామగారు ఏడవడం అక్కడ మర్యాద కాదు. బురుల్ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూసింది.

సాయంత్రం సయ్రా వచ్చి జరిగిందంతా విని ఆయన్ని నిలబెట్టి తిట్టింది. చిన్నప్పుడు ఆ చేతుల్లో పెరిగిన చనువు మరి.

"నడుముకి పట్టీ ఏమిటి బాబాయ్? జారితే మెడకొస్తుంది. తుంటికి పెట్టు, తొడలు మొదలయ్యే చోట. ఇంకా ఆ ముడొకటి. ఒక్క లాగుకి ఊడిపోవాలి."

"ఊడిపోయే ముడి నేనెప్పుడూ వెయ్యలేదు."

"ఐతే నేర్చుకో. వయసేం మించిపోలేదు."

జీను వెనక్కి వాల్చితే పిల్లకు హాయిగా ఉంటుందని ఆయన పట్టుబట్టాడు. "పడుకున్నట్టుంటే ఒరగదు కదా?"

"హాయి వేరు, మింగడం వేరు. నువ్వు పైకప్పు చూస్తూ టీ తాగు బాబాయ్, చూద్దాం."

ఆయన తల వెనక్కి వాల్చి తాగాడు. టీ గడ్డం మీదికీ, ముక్కులోకీ, చొక్కా మీదికీ పోయింది. దగ్గి దగ్గి కళ్లు తుడుచుకున్నాడు. కుముష్కాన్‌కు నోరు లేచింది. "ఇన్నాళ్లూ దానికి నేను చేసింది ఇదేనన్నమాట," అని నవ్వబోయి, నవ్వలేక లోపలికి వెళ్లిపోయింది. బురుల్ వెనకే వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది.

తర్వాత కొట్టంలో రంపం చప్పుడు. దిమ్మె కాళ్లు కోశాడు. మళ్లీ కోశాడు. పిల్ల తుంటి వెనక్కి ఆనేలా, మోకాళ్లు సరిగ్గా మడతపడి, పాదాలు పూర్తిగా చెక్క మీద పరుచుకునేదాకా కోశాడు. పాదాల కింద ఆ చెక్కను పిల్ల ఎదిగినప్పుడు దించుకునేలా తీసి పెట్టగల మేకులతో బిగించాడు. వెన్ను నిటారుగానే ఉంచి, తల ఒక ఇసుమంత ముందుకు ఉండేలా మెడ వెనక మెత్త కుట్టాడు. ముందున్న కత్తెర కర్రలు తీసేయమని సయ్రా అన్నప్పుడు మాత్రం చాలాసేపు రంపం పట్టుకుని నిలబడ్డాడు. అవి తీస్తే ఇక అది అయిర్మాచ్ కాదు. వాటి చోట మోచేతులు ఆనించుకోవడానికి వెడల్పాటి చెక్క పెట్టాలట.

"ఇది జీను కాదిప్పుడు," అన్నాడు కోశాక. "బడి బెంచీ అయి కూర్చుంది."

"బెంచీయే కానివ్వండి," అంది బురుల్.

మొదటిరోజే అద్భుతం జరగలేదు. పిల్ల అలిసిపోయేది, పక్కకు వాలేది, ఏడ్చేది. పక్కలకు గుడ్డ చుట్టలు పెట్టాల్సి వచ్చింది. ఎంతసేపు కూర్చోగలిగితే అంతసేపే, పక్కన మనిషి లేకుండా ఒక్క నిమిషం కూడా వద్దని సయ్రా హెచ్చరించింది. ఉలన్ వ్యాను దిగగానే చేతులు కడుక్కుని ఆ కాపలా కూర్చునేవాడు. దగ్గు తగ్గింది, పూర్తిగా పోలేదు. ముద్ద దిగేదాకా కుముష్కాన్ తన ఊపిరి బిగబట్టేది. జలుబు చేసిన ఒక వారం ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అది ఛాతీలోకి దిగకుండానే పోయింది.

మంచు కరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం. చుట్టాలు లేరు, పండగ కాదు. నేల మీద గుడ్డ పరిచి, చుట్టూ కూర్చుని అందరూ సేమియా పులుసు తింటున్నారు. అయ్‌పెరి తన కుర్చీలో వాళ్లతో సమానమైన ఎత్తులో ఉంది. రసంలో మెదిపిన బంగాళదుంప బురుల్ పెడుతోంది. పిల్ల గిన్నె పూర్తిచేసింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు, మాట్లాడితే దిష్టి తగులుతుందేమోనని.

అందరి భోజనమూ అయింది. ఇంటి పెద్ద చేతులు చాచి, దీవెన చెప్పి, అరచేతులతో ముఖం తడుముకుంటే వాళ్ల భోజనం ముగిసినట్టు. ఆ తర్వాత ఇక ఎవరూ ముద్ద ముట్టరు. ఎసెంకుల్ చేతులు చాచాడు. మిగిలినవాళ్లూ చాచారు.

ఠప్ మని చప్పుడైంది.

అందరూ అటు చూశారు. అయ్‌పెరి ఖాళీ గిన్నె వైపు చూస్తోంది. కుడికాలు కొంచెం లేచి మళ్లీ చెక్క మీద పడింది. ఠప్. ఆ పిల్ల అప్పటిదాకా పెట్టింది మింగింది, పొయ్యకపోతే ఊరుకుంది. పుట్టినప్పటి నుంచి ఎవరినీ ఏదీ అడగలేదు. అడగడానికి దానికి కాలు ఆనే చోటు లేదు మరి.

"ఇదేమిటే," అంది కుముష్కాన్ మెల్లగా. "ఇంకా కావాలంటోందా ఇది?"

దీవెన సగంలో ఉంది. ఎసెంకుల్ చాచిన చేతులు ముఖం దాకా తీసుకుపోలేదు. తెచ్చి తొడల మీద పెట్టుకున్నాడు.

"చేతులు దించండి," అన్నాడు అందరితో. "పిల్ల భోజనం ఇంకా అవలేదు."

బురుల్ గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరకు లేచింది. ఆలస్యమవుతోందని అయ్‌పెరి మళ్లీ తన్నింది.